ఎక్స్‌పీ యంత్రంలోని ఫోల్డరు విండోస్ 10, 11 యంత్రాలకు తెరుచుకోవడం లేదు: పాత, కొత్త కంప్యూటర్ల మధ్య ఫైళ్ల పంపకంపై చర్చ

శుభలేఖల కొట్టు, పాలకొల్లు

సభ్యులందరికీ నమస్కారం. మాది శుభలేఖలు, కరపత్రాలు, గుడి ఉత్సవాల ఆహ్వానాలు తయారుచేసే చిన్న డీటీపీ సెంటరు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాల అను ఫాంట్లు, ఏళ్ల తరబడి దాచుకున్న నమూనాలు అన్నీ విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్ ఉన్న పాత యంత్రంలో ఉన్నందున, తెలుగు అక్షరకూర్పు ఇప్పటికీ దానిలోనే జరుగుతోంది. బిల్లులు, ఈమెయిళ్లు విండోస్ 10 హోమ్ ఉన్న యంత్రంలో చూసుకుంటాము. రంగుల పని కోసం ఈ మధ్యనే విండోస్ 11 హోమ్ ఉన్న యంత్రాన్ని కొన్నాము. మూడూ ఒకే రౌటరుకు కేబుళ్లతో కలిపి ఉన్నాయి.

వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాల దాకా విండోస్ 10 నుంచి ఎక్స్‌పీలోని షేర్డ్ ఫోల్డరు చక్కగా తెరుచుకునేది. ఆషాఢంలో పెళ్లి పనులు లేనందున ఎక్స్‌పీ యంత్రాన్ని ఆపి ఉంచాము. విండోస్ 10 మాత్రం రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంది. శ్రావణం పనులు మొదలుపెడదామని ఎక్స్‌పీని తిరిగి ఆన్ చేస్తే, ఈ ఫోల్డరు సురక్షితం కాదని, దీనికి కాలం చెల్లిన ఎస్‌ఎమ్‌బి 1 ప్రోటోకాల్ కావాలని విండోస్ 10లో సందేశం వస్తోంది. కొత్త విండోస్ 11లోనూ అదే సందేశం. ఎక్స్‌పీ నుంచి కొత్త యంత్రాల ఫోల్డర్లు తెరవబోతే దారి దొరకలేదంటోంది. అన్ని యంత్రాల్లో బయటి చొరబాట్లను అడ్డుకునే ఫైర్‌వాల్ తీసివేసి, ఎస్‌ఎమ్‌బి 1కు సంబంధించినవన్నీ ఆన్ చేయమని ఒకరు సలహా ఇచ్చారు. అలా చేయడానికి ధైర్యం చాలక మిమ్మల్ని అడుగుతున్నాను. మేము ఏ యంత్రంలోనూ ఏ మార్పూ చేయకుండా, నిన్నటి దాకా పనిచేసినది ఎందుకు ఆగిపోయింది?

గౌతమీ తీరం, రావులపాలెం

మీరు ఏమీ మార్చలేదన్న మాట నిజమే. మార్చినది విండోస్ 10.

ఒక కంప్యూటరులోని ఫోల్డరును మరొక కంప్యూటరు తెరవడానికి విండోస్ వాడే ప్రోటోకాల్ పేరు ఎస్‌ఎమ్‌బి. అది 1980ల తొలినాళ్లలో ఐబీఎంలో పుట్టింది. ఎక్స్‌పీకి దానిలో మొదటి తరం మాత్రమే తెలుసు. విస్టాతో రెండో తరం, విండోస్ 7తో 2.1, విండోస్ 8తో 3.0, విండోస్ 10తో 3.1.1 వచ్చాయి. రెండు యంత్రాలు కలిసినప్పుడు ఇద్దరికీ తెలిసిన వాటిలో అన్నిటికన్నా కొత్త తరాన్ని ఎంచుకుంటాయి. ఎక్స్‌పీ ఉన్నచోట ఆ ఎంపిక మొదటి తరం దగ్గరే ఆగిపోతుంది.

2017 చివరలో వచ్చిన విండోస్ 10, 1709 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ మొదటి తరాన్ని క్రమంగా తొలగిస్తూ వచ్చింది. హోమ్ ఎడిషన్‌లో ఎస్‌ఎమ్‌బి 1 క్లయింటును, అంటే ఇతరుల ఫోల్డర్లను తెరిచే భాగాన్ని, ఉంచారు గానీ ఒక షరతు పెట్టారు: యంత్రం నడుస్తూ ఉన్న కాలంలో మొత్తం 15 రోజుల పాటు దానిని ఎవరూ వాడకపోతే అది తనంత తానే తొలగిపోతుంది. యంత్రం ఆపి ఉన్న సమయం ఆ లెక్కలోకి రాదు. మీ విండోస్ 10 ఆషాఢమంతా నడిచింది, మీ ఎక్స్‌పీ ఆషాఢమంతా ఆగి ఉంది. ముహూర్తాలు లేని నెల ఆ గడువు దాటడానికి సరిపోయింది. కొత్త విండోస్ 11 హోమ్‌లో ఆ భాగం మొదటి నుంచీ ఉండదు కనుక అక్కడా అదే సందేశం వచ్చింది.

ఇక పరిష్కారం. ఎస్‌ఎమ్‌బి 1లో క్లయింటు, సర్వరు అని రెండు భాగాలు వేరువేరుగా ఉంటాయి. ఇతరుల ఫోల్డరు తెరవడానికి క్లయింటు, మన ఫోల్డరును ఇతరులకు ఇవ్వడానికి సర్వరు కావాలి. ఎక్స్‌పీయే ఫోల్డరును ఇచ్చేటట్లు, కొత్త యంత్రాలే దాని దగ్గరకు వెళ్లి ఫైళ్లు తెచ్చుకునేటట్లు, ఇవ్వవలసినవి కూడా అవే వెళ్లి పెట్టేటట్లు ఏర్పాటు చేసుకుంటే, కొత్త యంత్రాలలో క్లయింటు ఒక్కటి చాలు. దాడులు వచ్చేది ముఖ్యంగా సర్వరు భాగం మీదికి. కాబట్టి దానిని కొత్త యంత్రాలలో ఎట్టి పరిస్థితిలోనూ ఆన్ చేయవద్దని నా గట్టి మాట.

కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్ల జాబితా తెరిచి, ఎస్‌ఎమ్‌బి 1.0 ఫైల్ షేరింగ్ సపోర్ట్ అనే పంక్తి పక్కన ఉన్న కూడిక గుర్తును నొక్కండి. లోపల ఆటోమేటిక్ రిమూవల్, క్లయింట్, సర్వర్ అని మూడు కనిపిస్తాయి. పైనున్న పెద్ద పెట్టెకు టిక్కు పెడితే మూడూ ఎంపికవుతాయి కనుక, లోపల క్లయింట్ ఒక్కదానికే టిక్కు ఉండేలా చూసుకోండి. ఆ స్వయం తొలగింపు ఒక్కసారి మాత్రమే జరుగుతుంది. మీ చేతులతో తిరిగి పెట్టినదానిని విండోస్ మళ్లీ తీసివేయదు.

ఎక్స్‌పీ వైపు మీది ప్రొఫెషనల్ కావడం మంచిదయింది. ఫోల్డర్ ఆప్షన్లలో సింపుల్ ఫైల్ షేరింగ్ అనే పద్ధతిని తీసివేసి, ఒక వాడుకరి ఖాతాను పాస్‌వర్డుతో సృష్టించి, ఆ ఒక్క ఖాతాకే ఫోల్డరుపై హక్కు ఇవ్వండి. పాస్‌వర్డు లేని ఖాతాతో నెట్‌వర్కు ద్వారా లోపలికి రానివ్వకపోవడం ఎక్స్‌పీ నుంచీ ఉన్న నియమం. ఆ తరువాత ఎక్స్‌పీకి మారని ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్కులో దానిని గుర్తించే సంఖ్య, ఇచ్చి, గేట్‌వే గడిని ఖాళీగా వదిలేయండి. అప్పుడు అది మీ గదిలోని యంత్రాలతో మాట్లాడుతుంది, ఇంటర్నెట్‌కు మాత్రం వెళ్లలేదు. 2014 ఏప్రిల్ 8తోనే ఎక్స్‌పీకి మద్దతు ముగిసింది కనుక దానికి ఇంటర్నెట్‌తో పని ఉండకూడదు.

నెట్‌వర్కు జాబితాలో ఎక్స్‌పీ పేరు కనిపించలేదని కంగారు పడకండి. ఆ జాబితాను నింపే పాత పద్ధతి కూడా ఎస్‌ఎమ్‌బి 1తో ముడిపడినదే. రన్ పెట్టెలో రెండు వెనుక గీతలు (\\) పెట్టి ఎక్స్‌పీ ఐపీ చిరునామా రాసి ఎంటర్ నొక్కితే ఫోల్డరు తెరుచుకుంటుంది.

కాటా గుమాస్తా, మండపేట

గౌతమీ తీరం గారు ఇంత విపులంగా రాసినందుకు కృతజ్ఞతలు. మా రైసు మిల్లులోనూ ఇటువంటి చిక్కే ఉంది. వేబ్రిడ్జి కాటా దగ్గర తూకాన్ని సీరియల్ పోర్టు ద్వారా తీసుకునే పాత ప్రోగ్రాము ఎక్స్‌పీలో నడుస్తోంది. అది లారీల వివరాలను డీబీఎఫ్ అనే పాతకాలపు డేటాబేస్ ఫైళ్లలో రాస్తుంది. ఆఫీసు గదిలో ఒక విండోస్ 7, ఒక విండోస్ 11 ఉన్నాయి. ఈ రెండింటి మధ్య కూడా ఫోల్డర్లు తెరుచుకోవడం లేదు. విండోస్ 7 కూడా పాతదే కనుక దానికోసం విండోస్ 11లో ఎస్‌ఎమ్‌బి 1 సర్వరు ఆన్ చేయవలసి ఉంటుందా? పాస్‌వర్డు అడిగినప్పుడు రోజూ లాగిన్ అయ్యే పిన్ నంబరు ఇస్తే తప్పు అంటోంది.

గౌతమీ తీరం, రావులపాలెం

వద్దండి. విండోస్ 7కు ఎస్‌ఎమ్‌బి 2.1 వచ్చు. విండోస్ 11తో అది ఆ తరంలోనే మాట్లాడుతుంది. విండోస్ 7 కోసం ఎస్‌ఎమ్‌బి 1 ఆన్ చేయమనే సలహా ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది, దానివల్ల అవసరం లేనిచోట కూడా వేల యంత్రాల తలుపులు తెరిచి పెట్టినట్లవుతోంది. అసలు ఏ యంత్రానికి మొదటి తరం తప్ప గతి లేదో ముందు తేల్చుకుని, ఆ ఒక్కదానికే అది వాడాలి. మీ మిల్లులో అటువంటిది కాటా దగ్గరి ఎక్స్‌పీ మాత్రమే.

మీ చిక్కు మీరు రాసిన చివరి వాక్యంలోనే ఉంది. పిన్ అనేది ఆ యంత్రం ముందు కూర్చున్నవారికి మాత్రమే పనికివస్తుంది, నెట్‌వర్కు ద్వారా చెల్లదు. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యేవారు దాని అసలు పాస్‌వర్డును తరచుగా మరిచిపోతారు. దానితో కుస్తీ పట్టకుండా, విండోస్ 11లో ఫైళ్ల పంపకం కోసమే ఒక స్థానిక ఖాతాను పాస్‌వర్డుతో తెరిచి, ఫోల్డరుపై హక్కు దానికి ఇచ్చి, విండోస్ 7 అడిగినప్పుడు ఆ పేరు, ఆ పాస్‌వర్డు ఇవ్వండి. విండోస్ 11లో నెట్‌వర్కు ప్రొఫైలు పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌గా మార్చండి. ఫైర్‌వాల్‌ను తీసివేయవలసిన పని దానితోనే తప్పుతుంది. విండోస్ 7 రోజుల్లో ఫైళ్లు పంచుకోవడానికి వాడిన హోమ్‌గ్రూప్ కోసం వెతకవద్దు, దానిని 2018లో విండోస్ 10, 1803 వెర్షనుతో తీసివేశారు.

ఏ రెండు యంత్రాలు ఏ తరంలో మాట్లాడుతున్నాయో చూడాలంటే, అవతలి యంత్రంలోని ఫోల్డరును విండోస్ 11 నుంచి తెరిచి ఉంచి, అదే విండోస్ 11లో ఆదేశాలు రాసే పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటరుగా నడిపి గెట్-ఎస్‌ఎమ్‌బికనెక్షన్ (Get-SmbConnection) అనే ఆదేశం ఇవ్వండి. డైలెక్ట్ అనే నిలువు వరుసలో ఆ సంఖ్య కనిపిస్తుంది.

లంక గ్రామం

అందరూ పెద్దలే, అయినా నా సందేహం చెబుతాను. మా ఇంట్లో రెండు యంత్రాలున్నాయి. మధ్యలో ఒక చిన్న నెట్‌వర్కు స్విచ్. గోదావరి పాయల మధ్య ఉన్న మా ఊరిలో మా ఫోల్డర్లలోకి ఎవరు చొరబడతారు? సర్వరు, క్లయింటు అని విడదీయకుండా అంతా ఆన్ చేస్తే పని సులువు కదా. ఇంత జాగ్రత్త నిజంగా అవసరమా?

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, భీమవరం

మీ ప్రశ్న న్యాయమైనదే, కాని చొరబడేది మనిషి కాదు. 2017 మే 12న వ్యాపించిన వాన్నాక్రై అనే ప్రోగ్రాము ఎస్‌ఎమ్‌బి 1 సర్వరులోని ఒక లోపం గుండా, ఎవరూ ఏ లంకెనూ నొక్కకుండానే, ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి పాకింది. ఫైళ్లన్నిటినీ తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల సేవలు స్తంభించాయి. మన రాష్ట్రంలో కూడా పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయని అప్పటి పత్రికలు రాశాయి. ఆ లోపానికి మందును, అంటే దానిని సరిచేసే అప్‌డేట్‌ను, మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14ననే విడుదల చేసింది. వేసుకోనివారు దెబ్బతిన్నారు. ఎక్కువగా దెబ్బతిన్నవి ఎక్స్‌పీలు కాదు, విండోస్ 7 యంత్రాలు. మద్దతు ముగిసిన మూడేళ్లకు ఎక్స్‌పీకి కూడా ఆ మందును మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా ఇచ్చింది కనుక, ఎక్స్‌పీ వాడుతున్న ప్రతివారూ అది తమ యంత్రంలో ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి.

ఊరు ఎంత మారుమూల ఉన్నా, ఇంటర్నెట్‌కు వెళ్లే మీ కొత్త యంత్రం ఒక్కటి పట్టుబడితే చాలు, అదే స్విచ్‌కు ఉన్న రెండోది నిమిషాలలో పట్టుబడుతుంది. క్లయింటుకే పరిమితం కావడానికి పట్టే శ్రమ ఒక్క టిక్కు తీసివేయడం మాత్రమే.

శుభలేఖల కొట్టు వారికి, మండపేట వారికి మరొక దారి కూడా చెబుతాను. ఏ కొత్త యంత్రంలోనూ ఎస్‌ఎమ్‌బి 1 అనే మాట లేకుండా చేయవచ్చు. పాత, కొత్త యంత్రాల మధ్య ఒక చిన్న లైనక్స్ యంత్రాన్ని మధ్యవర్తిగా పెట్టి దానిలో సాంబా నడపాలి. 1990ల తొలినాళ్లలో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, ఒకే ఫోల్డరును ఎక్స్‌పీకి మొదటి తరంలోనూ, విండోస్ 11కు 3.1.1లోనూ ఏకకాలంలో ఇవ్వగలదు. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డు సరిపోతుంది: దాని ఈథర్‌నెట్ పోర్టును కేబులుతో ఎక్స్‌పీకి కలిపి, వైఫైని రౌటరుకు కలిపితే, ఎక్స్‌పీకి మీ ఇంటి నెట్‌వర్కుతో నేరుగా సంబంధమే ఉండదు. రెండు వైపులకూ వేర్వేరు ఐపీ శ్రేణులు ఇవ్వాలి, ఒక వైపు నుంచి మరొక వైపుకు ప్యాకెట్లు పంపే ఐపీ ఫార్వార్డింగ్‌ను ఆన్ చేయకూడదు.

2019లో వచ్చిన సాంబా 4.11 నుంచి అక్కడ కూడా మొదటి తరం ఆపి ఉంటుంది కనుక, అమరికల ఫైలులో సర్వర్ మిన్ ప్రోటోకాల్ (server min protocol) విలువను ఎన్‌టీ1 (NT1) అని రాయాలి. ఇది మొత్తం సాంబాకు వర్తించే అమరిక, ఒక్క పోర్టుకు మాత్రమే వర్తించేలా చేయలేము; అయినా కొత్త యంత్రాలు తమంత తామే పై తరాన్ని ఎంచుకుంటాయి. ఇది చేశాక కూడా చాలామంది ఎక్స్‌పీ దగ్గర పాస్‌వర్డు తప్పు అనే సందేశంతో ఆగిపోతారు. ఎక్స్‌పీ మామూలుగా పాత తరహా ధ్రువీకరణను పంపుతుంది, సాంబా మాత్రం పాస్‌వర్డును సరిచూసే ఎన్‌టీఎల్ఎమ్ పద్ధతిలో రెండో తరహాను (NTLMv2) మాత్రమే ఒప్పుకుంటుంది. దీనికి సాంబాను సడలించమని సలహాలు దొరుకుతాయి. నేను ఎక్స్‌పీనే సరిచేయమంటాను. ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో లోకల్ సెక్యూరిటీ పాలసీ తెరిచి, ల్యాన్ మేనేజర్ ఆథెంటికేషన్ లెవల్ అనే చోట ఎన్‌టీఎల్ఎమ్ రెండో తరహా మాత్రమే పంపు అనే ఎంపికను తీసుకుంటే సరిపోతుంది.

మధ్యవర్తి వల్ల మరో మేలు కూడా ఉంది. నెట్‌వర్కు ఫోల్డరులో డిలీట్ చేసిన ఫైలు విండోస్ రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది. ముహూర్తాల హడావుడిలో ఒకరి శుభలేఖ అలా పోతే ఎంత ఇబ్బందో మీకు తెలుసు. సాంబాలో రీసైకిల్ అనే మాడ్యూలు చేర్చితే, తీసివేసినవి వేరే ఫోల్డరులో నిలిచి ఉంటాయి.

అల్లికల నమూనాలు, నరసాపురం

మాది లేసు అల్లికల పని. నమూనాల ఫోటోలన్నీ ఒక పాత నెట్‌వర్కు స్టోరేజీ పెట్టెలో ఉన్నాయి. దానికి వాడుకరి పేరు, పాస్‌వర్డు ఏమీ లేవు, అతిథిగా ఎవరైనా తెరవవచ్చు. కొత్తగా కొన్న విండోస్ 11 ప్రొ, అతిథి ప్రవేశాన్ని భద్రతా నియమాలు అడ్డుకుంటున్నాయని చెబుతోంది. మాకు ఎక్స్‌పీ ఏదీ లేదు. ఇది కూడా ఎస్‌ఎమ్‌బి 1 సమస్యేనా?

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, భీమవరం

కాదండి. 2024లో వచ్చిన విండోస్ 11, 24హెచ్2 వెర్షనులో ప్రొ ఎడిషన్‌కు రెండు నియమాలు కట్టుదిట్టం చేశారు: అతిథిగా ప్రవేశించడం ఆపివేశారు, పంపే ప్రతి సందేశానికి ఎస్‌ఎమ్‌బి సంతకం, అంటే దారిలో ఎవరూ దానిని మార్చలేదని తెలిపే ముద్ర, తప్పనిసరి చేశారు. పాస్‌వర్డు లేని అతిథి దగ్గర సంతకానికి కావలసిన తాళంచెవి తయారు కాదు కనుక రెండూ ఒకదానితో ఒకటి ముడిపడినవే. మీ పెట్టె అమరికల పుటలో ఒక వాడుకరిని, పాస్‌వర్డును సృష్టించి, ఎస్‌ఎమ్‌బి 2 లేదా 3 అనే ఎంపిక ఉంటే దానిని ఆన్ చేసి, ఆ వాడుకరిగా ప్రవేశించండి. దానిని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌కు కొత్త వెర్షను ఉంటే ముందుగా అది వేయండి. ఇవేవీ లేనంత పాత పెట్టె అయితే విండోస్ నియమాలను సడలించడం కంటే, ఫోటోలను వేరే డిస్కులోకి తీసుకుని పెట్టెను మార్చడమే మేలు. సముద్రానికి దగ్గరగా ఉన్నారు కనుక ఒక మాట: ఉప్పుగాలికి కేబుల్ కొసల లోహపు పళ్లు తుప్పు పడితే కనెక్షన్ వస్తూ పోతూ ఉంటుంది. అమరికలు మార్చే ముందు కొసలను కూడా చూడండి.

గౌతమీ తీరం, రావులపాలెం

మండపేట వారు డీబీఎఫ్ ఫైళ్ల ప్రస్తావన తెచ్చారు, దానికి ఇంకా జవాబు రాలేదు. కాటా ప్రోగ్రాము రాస్తూ ఉన్న అదే ఫైలును ఆఫీసు నుంచి నెట్‌వర్కు ద్వారా తెరవడం ప్రమాదకరం. నెట్‌వర్కులో వేగం కోసం విండోస్ ఓప్‌లాక్ అనే పద్ధతిలో ఫైలు భాగాన్ని తెరిచినవారి యంత్రంలోనే తాత్కాలికంగా ఉంచుతుంది. రెండోవారు తెరిచినప్పుడు దానిని వెనక్కి రప్పించుకుంటుంది. ఆ క్షణంలో కరెంటు పోయినా, కేబులు కదిలినా ఫైలు ఒకలా, దాని ఇండెక్సు మరొకలా మిగిలిపోతాయి. కోతల కాలంలో లారీలు వరుస కట్టినప్పుడు తూకాల లెక్క అలా చెడిపోతే సరిదిద్దడం చాలా కష్టం. కాటా యంత్రం ఒక్కటే అసలు ఫైలును ముట్టుకోవాలి. తూకాలు ముగిసి ప్రోగ్రాము మూసివేశాక ఫోల్డరు మొత్తాన్ని ఆఫీసు యంత్రం నకలు తీసుకుని, ఆ నకలు మీదనే లెక్కలు చూసుకోవాలి.

కాటా గది మిల్లు గేటు దగ్గర ఉంటుంది కనుక కేబులు దూరం కూడా కొలవండి. మామూలు ల్యాన్ కేబులు హద్దు 100 మీటర్లు. ఆరుబయట చెట్ల మీదుగా లాగిన రాగి కేబులుకు దగ్గరలో పిడుగు పడితే రెండు వైపుల యంత్రాలూ పోతాయి. ఆ దూరానికి ఫైబర్ కేబులు, రెండు కొసల కన్వర్టర్లు పెట్టించుకోమని యజమానికి చెప్పండి.

శుభలేఖల కొట్టు, పాలకొల్లు

గౌతమీ తీరం గారు చెప్పినట్లు రెండు కొత్త యంత్రాలలోనూ క్లయింటు ఒక్కదానికే టిక్కు పెట్టి, ఎక్స్‌పీలో ఖాతా సృష్టించి, గేట్‌వే ఖాళీగా వదిలాను. ఐపీ చిరునామా రాయగానే ఫోల్డరు తెరుచుకుంది. ఫైర్‌వాల్‌ను ఎక్కడా తీసివేయలేదు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది కనుక దానిని మార్చేటప్పుడు భీమవరం వారు చెప్పిన మధ్యవర్తి ఏర్పాటు చేసుకుంటాము.

రెండు చిన్న విషయాలు మిగిలాయి. పేజ్‌మేకర్ ఫైలు విండోస్ 11కు చేరింది గానీ, నమూనాలోంచి తీసి వర్డ్‌లో అతికించిన తెలుగు అంతా అర్థంలేని ఆంగ్ల అక్షరాలుగా కనిపిస్తోంది. ఇక ఎక్స్‌పీలో ఈ రోజు సరిచేసిన శుభలేఖకు 2002 నాటి తేదీ పడుతోంది. కొత్త యంత్రంలో మా బ్యాకప్ ప్రోగ్రాము దానిని పాతదిగా భావించి వదిలేస్తోంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, భీమవరం

మొదటిది నెట్‌వర్కు దోషం కాదు. అను ఫాంట్లు యూనికోడ్‌వి, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రమాణానివి, కావు. వాటిలో తెలుగు అక్షరాల బొమ్మలు ఆంగ్ల అక్షరాల స్థానాలలో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో స్థానాలు మాత్రమే కనిపిస్తాయి. కొత్త యంత్రానికి రూపం చాలు అనుకుంటే ఎక్స్‌పీలోనే ఫాంట్లను ఇమిడ్చి పీడీఎఫ్ చేసి, దానిని షేర్డ్ ఫోల్డరులో పెట్టండి. పాఠాన్ని దిద్దవలసి ఉంటే యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణం వాడి, మార్చాక వత్తులను, గుణింతాలను ఒకసారి కంటితో సరిచూడండి. పెళ్లికొడుకు పేరులో వత్తు పోతే ముద్రణ అంతా వృథా.

రెండోది మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ అయిపోవడం. సాధారణంగా అది సీఆర్2032 రకం, ఏ వాచీల కొట్టులోనైనా దొరుకుతుంది. యంత్రాన్ని ఆపి, ప్లగ్గు తీసి, బ్యాటరీ మార్చి, యంత్రం ఆన్ కాగానే తెరవగల బయాస్ అమరికలలో తేదీ సరిచేయండి. ఎక్స్‌పీకి ఇంటర్నెట్ లేదు కనుక గడియారాన్ని అప్పుడప్పుడు చేత్తోనే సరిచూడాలి. తప్పు తేదీలు పడిన ఫైళ్లను తెరిచి మళ్లీ సేవ్ చేసేంత వరకు ఆ బ్యాకప్‌ను నమ్మవద్దు. ఈ లోగా ఆ ఫోల్డరును మొత్తంగా వేరే పేరుతో నకలు తీసి ఉంచండి.

కాటా గుమాస్తా, మండపేట

స్థానిక ఖాతా తెరవగానే విండోస్ 7, విండోస్ 11 కలిశాయి. డైలెక్ట్ వరుసలో 2.1 అని కనిపించింది, ఎస్‌ఎమ్‌బి 1 ఎక్కడా ఆన్ చేయలేదు. కాటా ఫోల్డరు నకలు తీసే పని రాత్రి ప్రోగ్రాము మూసిన తరువాత నేనే చేస్తున్నాను. ఫైబర్ కేబులు గురించి యజమానిగారితో మాట్లాడాను, సార్వా కోతలకు ముందే వేయిద్దామన్నారు.